ద్విధావిభక్తుడు కర్ణుడు: పీఠిక

కర్ణుడి చావుకు కారణాలు అనేకమని తెలుగునాట బడిముఖం చూడని ముదుసలి కూడా చెబుతుంది. భార్గవరాముని శాపం, హోమధేనువును పోగొట్టుకున్న విప్రుని శాపం, కవచకుండలాలకై ఇంద్రుడు చాచిన చేయి, గంగాతీరాన కుంతి అడిగిన వరం, రథమెక్కినది మొదలు శల్యుడు గుప్పించిన పరుషోక్తులు, చిట్టచివర రథచక్రాన్ని మింగిన భూమి: వీటన్నింటినీ ఏకరువు పెట్టి, ఇందరు కలిస్తే తప్ప కూలని వీరుడని నిట్టూర్చి, మన జాతి ఆ మహాయోధునికి తరతరాలుగా అశ్రుతర్పణం చేస్తూనే ఉంది. ఆ తర్పణం సముచితమే. అయితే ఆ కారణాల పట్టికలో కర్ణుని పేరు మాత్రం కనబడదు. తన పతనానికి తానెంతవరకు కర్త, ఎంతవరకు భోక్త అన్న ప్రశ్నను చేపట్టి, దానికి సమాధానాన్ని భారతపర్వాలలోనే శ్లోకం వెంట శ్లోకంగా, పద్యం వెంట పద్యంగా అన్వేషించి, ఒక సమగ్ర సిద్ధాంతంగా నిలబెట్టిన గ్రంథం ఇన్నాళ్లకు నా చేతికి వచ్చింది. దీనికి ముందు నాలుగు మాటలు రాయవలసిందని గ్రంథకర్త్రి కోరారు. ఆ కోరికలో నా వయస్సు పట్ల ఆమెకున్న గౌరవం ఎంత ఉన్నదో, భారతం పట్ల నాకున్న మమకారాన్ని ఆమె గుర్తించటం కూడా అంతే ఉన్నదని భావించి ఈ పీఠికకు పూనుకున్నాను.

ఈమె ప్రతిపాదించిన విషయాన్ని ముందుగా విన్నవిస్తాను. కర్ణునిలో ఇద్దరున్నారు. ఒకడు రాధ ఒడిలో పెరిగి, దుర్యోధనుని చేతి మీదుగా కిరీటం ధరించి, ఆ రెండు ఋణాలను ప్రాణాలతో తీర్చటమే పురుషార్థమని నమ్మిన రాధేయుడు. రెండవవాడు తన తేజస్సుకు మూలమేదో ఎరిగి, ధర్మం ఏ పక్షాన ఉన్నదో ఎరిగి, ఆ ఎరుకను గుండెలో దాచుకుని, దానికి విరుద్ధంగా విల్లెత్తవలసి వచ్చిన కౌంతేయుడు. ఒకడు చేసిన పనిని రెండవవాడు హృదయపూర్వకంగా ఆమోదించలేడు. రెండవవాడు తెలుసుకున్న సత్యాన్ని మొదటివాడు ఆచరించలేడు. ప్రజ్ఞలో అర్జునునికి తీసిపోని ఆ ధనుర్ధరుడు నిర్ణాయక క్షణాలలో ఎందుకు సగం మనిషిగా మిగిలిపోయాడో ఈ ద్వైధీభావమే చెబుతుందని, శాపాలన్నీ ఆ అంతర్విభేదానికి కావ్యం తొడిగిన బాహ్యరూపాలని గ్రంథకర్త్రి వాదం. శాపాలను ఇలా ఉపకరణాలుగా భావించటంలో కొంత సాహసముంది. ఆ సాహసానికి తగిన ఆధారాలను ఈమె సమకూర్చుకున్నారు.

ఆ ఆధారాలలో శిఖరాయమానమైనది ఉద్యోగపర్వం. రాయబారం విఫలమై హస్తినాపురం విడిచి వెళుతున్న వాసుదేవుడు కర్ణుణ్ణి తన రథంపై ఎక్కించుకుని, ఏకాంతంలో జన్మరహస్యాన్ని ప్రస్తావించి, సామ్రాజ్యాన్ని అతని ముందు పరుస్తాడు. యుధిష్ఠిరుడు వింజామర వీస్తాడు, భీముడు గొడుగు పడతాడు, అర్జునుడు రథం తోలుతాడు, ద్రౌపది ఆరవ పతిగా అంగీకరిస్తుంది. ఆర్యావర్తంలో అంతటి వరం మరొకరి ముందుకు రాలేదు. కర్ణుడు దానిని తోసిపుచ్చాడన్నది అందరికీ తెలుసు. తోసిపుచ్చుతూ ఏమన్నాడన్నది చాలామంది మరిచారు. అధిరథుడు తనను ఇంటికి తెచ్చిన నాడు రాధకు స్తన్యం చేపిందనీ, ఆ తల్లి తన మలమూత్రాలెత్తి పెంచిందనీ, సూతకులంలోనే తనకు భార్యలు, కొడుకులు, మనుమలు కలిగారనీ, ఈ బంధాన్ని భూమండలమంతా ఇచ్చినా, బంగారు రాశులు పోసినా తెంచలేననీ చెబుతాడు. ఇది రాధేయుని కంఠం. ఆ వెనువెంటనే మరొక కంఠం పలుకుతుంది. ఈ రహస్యాన్ని యుధిష్ఠిరునికి చెప్పవద్దంటాడు. తెలిస్తే ఆ ధర్మాత్ముడు రాజ్యాన్ని తనకే ఇచ్చివేస్తాడనీ, తాను దానిని దుర్యోధనుని పాదాల చెంత పెడతాననీ, అలా జరగరాదనీ, రాజ్యానికి యుధిష్ఠిరుడే తగినవాడనీ అంటాడు. దుర్యోధనుని ప్రీతి కోసం పాండవులను ఆడిన కటువు మాటలకు ఇప్పుడు పరితపిస్తున్నానంటాడు. రానున్న యుద్ధాన్ని ఒక యజ్ఞంగా వర్ణించి, అందులో కృష్ణునికి, అర్జునునికి ఋత్విక్కుల స్థానాలిచ్చి, గాండీవాన్ని స్రుక్కుగా చెప్పి, తన వధను ఆ క్రతువులో ఒక అంగంగా చేరుస్తాడు. తాను కన్న కలను కూడా దాచడు: రక్తసిక్తమైన భూమిపై, ఎముకల రాశి మీద కూర్చుని, యుధిష్ఠిరుడు బంగారు పాత్రలో నేయి కలిపిన పాయసం ఆరగిస్తున్నాడు.

పాఠకమహాశయులు ఈ ఘట్టం వద్ద ఒక్క క్షణం ఆగాలి. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. కౌరవసేనకు ఆశాకిరణమైన వీరుడు, తమ ఓటమిని స్వప్నంలో దర్శించి, శత్రువు గెలుపును ధర్మసమ్మతమని అంగీకరించి, తన మరణాన్ని యజ్ఞభాగంగా లెక్కకట్టుకుని, ఆ పిమ్మట రథం దిగి, కృష్ణుణ్ణి కౌగిలించుకుని, తన రథమెక్కి కౌరవశిబిరంలోకే తిరిగి వెళతాడు. దుర్యోధనునికి ఈ సంభాషణలో ఒక్క ముక్క కూడా చెప్పడు. ఏ మిత్రుని కోసం సర్వస్వం త్యజించాడో, ఆ మిత్రుని వద్దనే అన్నిటికంటె పెద్ద సత్యాన్ని దాచవలసి వచ్చింది. స్వామిభక్తి అన్న ఒక్క పదంతో ఇంతటి చిత్తసంక్షోభాన్ని కప్పిపుచ్చటం కావ్యానికి అన్యాయమని గ్రంథకర్త్రి రాసిన వాక్యాన్ని నేను సంపూర్ణంగా సమర్థిస్తున్నాను.

తెలుగు భారతంలో కర్ణచరిత్ర ముగ్గురు కవుల చేతుల మీదుగా నడిచిందన్న సంగతిని ఈమె గుర్తించిన తీరు ప్రశంసార్హం. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరాన రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టారకుడు రంగస్థలంపై ప్రవేశపెట్టిన కర్ణుణ్ణి, 13వ శతాబ్దంలో నెల్లూరున తిక్కనసోమయాజి కురుక్షేత్రంలో కూల్చాడు. ఆ ఇద్దరి నడుమ అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించినప్పుడు, కవచకుండలాలు కోసి ఇచ్చే కర్ణుడు ఆయన పాలబడ్డాడు. ముగ్గురి స్వభావాలూ వేరు. నన్నయ ప్రసన్నంగా కథ నడుపుతాడు, తిక్కన పాత్రల నోటనే వారి అంతరంగాన్ని పలికిస్తాడు, ఎఱ్ఱన వర్ణనలో లీనమవుతాడు. అయినా ముగ్గురి చేతులలోనూ ఆ పాత్ర అఖండంగా నిలిచిందంటే, వ్యాసుడు పోసిన పునాది అంతటిది.

ఆ కుండలాహరణ ఘట్టాన్ని ఈమె పరిశీలించిన విధానం నాకు కొత్త వెలుగు చూపింది. సూర్యుడు విప్రరూపంలో స్వప్నంలో కనబడి, ఇంద్రుడు వస్తాడు, ఇవ్వవద్దని హెచ్చరిస్తాడు. కీర్తి బ్రతికున్నవాడికే శోభనిస్తుంది, బూడిదైనవాడికి కీర్తితో పనేమిటని బుజ్జగిస్తాడు. ఆ హితవు చెబుతున్నవాడు తండ్రి. వింటున్నవాడు భక్తుణ్ణనుకుంటున్న కొడుకు. ప్రాణం పోయినా అడిగినవానికి లేదనలేనని కర్ణుడంటాడు. అప్పుడు సూర్యుడు, ఇవ్వక తప్పదంటే అమోఘమైన శక్తినైనా బదులు తీసుకొమ్మంటాడు. ఆ తర్వాత కర్ణుడు ఇంద్రునితో ఆ మాటే చెప్పి, ఏకవీరఘ్నమైన శక్తిని పుచ్చుకుని, దేహం నుంచి కవచాన్ని ఒలిచి ఇస్తాడు. లోకం కీర్తించే ఆ మహాదానంలో వినిమయం కూడా ఉన్నది. దానశూరుడు చేయి చాచి ఇస్తుంటే, అర్జునుణ్ణి వధించవలసిన యోధుడు మరొక చేత్తో ఆయుధం అందుకుంటున్నాడు. దీనివల్ల కర్ణుని దానానికి మాలిన్యం అంటదనీ, ఒకే క్షణంలో అతడు రెండు వ్రతాలకు బద్ధుడన్న సత్యం మాత్రం బయటపడుతుందనీ గ్రంథకర్త్రి చేసిన నిర్ణయం సమతూకం గలది.

ఆ సమతూకానికి అసలు పరీక్ష ద్యూతసభ. కర్ణుణ్ణి ప్రేమించే రచయితలు సభాపర్వం దగ్గరకు వచ్చేసరికి తడబడతారు. కొందరు కన్నుమూసుకుంటారు, కొందరు స్వయంవరంలో ద్రౌపది సూతుణ్ణి వరించనన్నదని ఆ అవమానాన్ని సాకుగా చూపుతారు. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ వారు సంశోధించి, 1933 నుంచి 1966 వరకు 19 సంపుటాలుగా వెలువరించిన ప్రామాణిక ప్రతిలో ఆ తిరస్కారోక్తికి స్థానం దక్కలేదని ఈమె పాఠకునికి గుర్తు చేసి, ఆ సాకును సున్నితంగా పక్కకు తొలగించారు. ఏకవస్త్రగా ఈడ్వబడిన కులస్త్రీని నిండు సభలో దుర్భాషలాడి, ఆమె వస్త్రాలు ఒలువుమని దుశ్శాసనుని పురికొల్పినవాడు కర్ణుడు. ఆ పనికి క్షమ లేదు. ఏ అవమానం తనను యౌవనారంభంలో దహించిందో, అదే అవమానాన్ని నిరపరాధ మీద కుమ్మరించటంలో అతని పతనం ప్రారంభమైందని ఈ గ్రంథం నిర్మొహమాటంగా చెబుతుంది. కథానాయకుని మీద ఇంతటి అభిమానం ఉండి, ఇంతటి నిష్పాక్షికత వహించటం సాహిత్యవిమర్శలో తరచుగా కనబడే గుణం కాదు.

అదే సభలో మరొక సూక్ష్మం ఉన్నది. దానిని వ్యాసుడు సభాపర్వంలో చెప్పక, ఎంతో దూరాన, శాంతిపర్వం ఆరంభంలో యుధిష్ఠిరుని నోట చెప్పించాడు. నాడు సభలో కర్ణుని పరుషవాక్యాలకు తనకు కోపం పెల్లుబికిందనీ, అయితే దించిన చూపు అతని పాదాలపై పడగానే ఆ కోపం చల్లారిపోయిందనీ, ఆ పాదాలు తల్లి కుంతి పాదాలవలె ఉండటమేమిటో ఎంత ఆలోచించినా అంతుబట్టలేదనీ ధర్మజుడు నారదునితో చెప్పి విలపిస్తాడు. నాలుక రాధేయునిది, పాదాలు కౌంతేయునివి. ఒకే దేహంలో ఆ ఇద్దరూ ఏకకాలంలో సభలో నిలుచున్నారు. ఆ దేహం గలవాడికి ఆ సంగతి పట్టలేదు, ఎదుట దాసుడై కూర్చున్న తమ్మునికి మాత్రం లీలగా తోచింది. భారతంలో ఇంతకంటె దారుణమైన, ఇంతకంటె మృదువైన దృశ్యం మరొకటి ఉన్నదని నేననుకోను. గ్రంథకర్త్రి దీనికి ఒక అధ్యాయమే కేటాయించటం ఆమె రసజ్ఞతకు నిదర్శనం.

యుద్ధపర్వాల వివేచనను సంగ్రహంగా స్పృశిస్తాను. భీష్ముడు అర్ధరథునిగా లెక్కగట్టినందుకు అలిగి పది రోజులు విల్లు ముట్టని కర్ణుడు, ఆ పితామహుడు అంపశయ్యపై ఒరిగిన రాత్రి ఒంటరిగా వెళ్లి పాదాల వద్ద నిలుస్తాడు. నీవు కౌంతేయుడవని నాకు తెలుసు, తమ్ములతో కలిసిపొమ్మని భీష్ముడంటాడు. నాకూ తెలుసు, కానీ మరలలేనని కర్ణుడంటాడు. ఆ తర్వాత సంగ్రామంలో భీముడు, సహదేవుడు, నకులుడు, యుధిష్ఠిరుడు వేర్వేరు సమయాలలో అతని బాణాలకు చిక్కుతారు. కుంతికిచ్చిన మాట ప్రకారం నలుగురినీ ప్రాణాలతో విడిచిపెడతాడు, విడిచిపెడుతూ ఎత్తిపొడవకుండా మాత్రం ఉండలేడు. కరుణ కౌంతేయునిది, ఎత్తిపొడుపు రాధేయునిది. ఇంద్రదత్తమైన శక్తిని అర్జునునిపై ప్రయోగించాలని కౌరవశిబిరంలో ప్రతిరాత్రి నిశ్చయించుకోవటం, తెల్లవారి రణరంగంలో కర్ణునికి ఆ నిశ్చయం మరుపున పడటం ద్రోణపర్వం చెప్పిన వింత. దానిని దైవమాయ అన్నాడు సంజయుడు. తానే మోహింపజేశానన్నాడు కృష్ణుడు. తోడబుట్టినవాణ్ణి చంపటానికి మనస్సులో సగం ఒప్పుకోకపోవటమే ఆ మరుపని గ్రంథకర్త్రి వ్యాఖ్యానించారు. వ్యాసహృదయానికి ఈ వ్యాఖ్య విరుద్ధం కాదు, ఎందుకంటే ఆ మహాకవి దైవాన్ని ఎప్పుడూ మనిషి మనస్సు ద్వారానే పని చేయిస్తాడు. ఆ శక్తి చివరకు ఘటోత్కచుని గుండెలో దిగబడి ఇంద్రుని వద్దకు మరలిపోయింది.

పదిహేడవనాటి సంగతి. వృషసేనుడు కళ్లెదుటే హతుడైనాడు. అశ్వసేనుడు కూర్చున్న నాగాస్త్రం కృష్ణుని చాతుర్యం వల్ల కిరీటాన్ని మాత్రమే కొట్టుకుపోయింది. మళ్లీ తనను సంధించుమని ఆ సర్పం వేడుకొంటే, పరుల బలంతో గెలవనని కర్ణుడు నిరాకరించాడు. చక్రం దిగబడినప్పుడు ధర్మం తలచుకొమ్మని అర్జునుణ్ణి అర్థించాడు. ద్రౌపదిని సభకు ఈడ్పించిన నాడు, అభిమన్యుణ్ణి పలువురు చుట్టుముట్టి చంపిన నాడు నీ ధర్మమెక్కడికి పోయిందని కృష్ణుడు ఒకదాని వెంట ఒకటిగా అడిగాడు. వాక్పటుత్వంలో ఎవరికీ తీసిపోని కర్ణుడు సిగ్గుతో తల వంచుకుని, బదులు పలకలేదని వ్యాసుడు చెప్పాడు. రథయుద్ధంలో అతడు ఓడింది ఆ తర్వాత. అంతర్యుద్ధంలో ఓడింది ఈ మౌనంలో. ఉద్యోగపర్వంలో కృష్ణుని ఎదుట ఏ పాపానికి పరితపించాడో, కర్ణపర్వంలో అదే కృష్ణుడు అదే పాపాన్ని అతని ముందు నిలబెట్టాడు. రాధేయుడు వాదించగలిగేవాడేమో, కౌంతేయుడు ఒప్పుకున్నాడు. ఈ రెండు పర్వాలను ఒకే సూత్రంతో కలిపి చూపటం ఈ గ్రంథానికి నేను ఇచ్చే మొదటి మన్నన.

కర్ణుణ్ణి కావ్యనాయకునిగా ఆరాధించిన పరంపర మనకు దగ్గరిది, ప్రాచీనమైనది. భాసుడు కర్ణభారంలో కవచదానాన్ని రణభూమికి వెళ్లే దారిలోకి మార్చి ఆ వీరుని విషాదాన్ని ఘనీభవింపజేశాడు. ఇప్పటి తెలంగాణలోని వేములవాడను ఏలిన చాళుక్య అరికేసరి ఆస్థానంలో, 941లో, వేంగీ మూలాలు గల పంప మహాకవి కన్నడంలో విక్రమార్జునవిజయం రచించి, తన ప్రభువును అర్జునునితో అభేదం చేసి కూడా, భారతంలో స్మరించదగినవాడు కర్ణుడేనని చాటక ఉండలేకపోయాడు. నన్నయకు దాదాపు శతాబ్దం ముందే మన నేల మీద కర్ణునికి పట్టిన నీరాజనమది. వంగభాషలో రవీంద్రుడు, మరాఠీలో శివాజీ సావంత్ తమ తమ రీతులలో ఆ నీరాజనాన్ని కొనసాగించారు. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చలనచిత్రం, అందులో కొండవీటి వేంకటకవిగారి సంభాషణలు, కర్ణుణ్ణి ప్రతి తెలుగు ఇంటికీ ఆత్మీయుణ్ణి చేశాయి. ఆ మేలు గొప్పదే. కాని కులం పేరిట అవమానితుడైన వీరునిగా అతణ్ణి గుండెకు హత్తుకునే ఉత్సాహంలో, తన చేతలకు తాను బాధ్యుడైన మనిషిగా అతణ్ణి చూడటం మనకు కొంత తగ్గింది. ఈ గ్రంథం ఆ చూపును తిరిగి మనకు అలవరుస్తుంది.

గ్రంథకర్త్రి పరిశ్రమను గురించి ఒక మాట. ఈమె పురాణప్రవచనం చేసిన కుటుంబంలో పుట్టారు; భారతం ఈమెకు పుస్తకంగా కంటె ముందు చెవికి పరిచయమైంది. ఆ వినికిడితో తృప్తిపడక, సంస్కృతమూలాన్ని సంశోధిత ప్రతిలోను, కవిత్రయ భారతాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి పరిష్కృత ముద్రణలోను, తిరుమల తిరుపతి దేవస్థానం వారి సవ్యాఖ్యాన సంపుటాలలోను సరిపోల్చుకుని, ఏది వ్యాసోక్తమో, ఏది కవిత్రయ కల్పనమో, ఏది జనశ్రుతి మాత్రమో వేరు చేసి చూపారు. ఈ వివేచన లేకుండా కర్ణుని మీద రాసిన పుటలు మనకు కొరత లేవు. ఇటువంటి పని చేయటానికి పాండిత్యం ఒక్కటే చాలదు, ఓపిక కావాలి. ఆ ఓపిక ప్రతి పుటలోనూ ప్రత్యక్షమవుతున్నది.

ఒక్క చోట నేను ఈమెతో విభేదిస్తాను. కర్ణుని చిత్తం చీలినది ఉద్యోగపర్వంలో కృష్ణుడు రహస్యం విప్పిన నాడని ఈమె నిర్ణయించారు. మూలంలో కృష్ణుడు చెప్పిన వెంటనే కర్ణుడు ఇదంతా తనకు తెలుసునని అంటాడు. అంటే ఆ చీలిక అంతకు చాలా ముందుది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శననాడు కృపాచార్యుడు వంశమేదని అడిగితే తల వంచినవాడు, అభిషేకజలంతో తడిసిన శిరస్సును అధిరథుని పాదాలకు తాకించినవాడు, కొరడా పట్టుకో పొమ్మని భీముడు హేళన చేసినప్పుడు మారు పలకక, వేడి నిట్టూర్పు విడిచి, ఆకాశంలోని సూర్యుని వంక చూశాడని ఆదిపర్వం చెబుతున్నది. నేలపై ఒక తండ్రికి మొక్కిన కొద్ది క్షణాలకే నింగిలోని మరొక తండ్రి వైపు అతని చూపు తెలియకుండానే లేచింది. నా దృష్టిలో కర్ణుని ద్వైధానికి జన్మస్థానం ఆ చూపు. మలిముద్రణలో గ్రంథకర్త్రి ఈ విషయాన్ని పునఃపరిశీలిస్తారని ఆశిస్తున్నాను. ఈ భేదాభిప్రాయం వల్ల వారి సిద్ధాంతానికి హాని లేదు. దాని వేరు మరింత లోతుకు పోతుంది, అంతే.

స్త్రీపర్వంలో తిలోదకాల వేళ కుంతి నోరు విప్పిన తర్వాత, గెలిచిన యుధిష్ఠిరుడు రాజ్యం వద్దని అడవికి బయలుదేరబోయాడు. అష్టాదశపర్వాలలో అతి విస్తృతమైన శాంతిపర్వానికి ఆ కర్ణశోకమే ద్వారమైంది. అన్న కోసం తమ్ముడు కార్చిన ఆ కన్నీటిలో నుంచి రాజధర్మమూ, ఆపద్ధర్మమూ, మోక్షధర్మమూ ఉపదేశరూపం దాల్చాయి. కనుక కర్ణుని గురించి చేసే విచారం భారతానికి అంచున జరిగే చర్చ కాదని, దాని గర్భాలయంలోనే జరుగుతుందని ఈ గ్రంథం చదివినవారు గ్రహిస్తారు.

పాఠకులకు నాదొక విన్నపం. ఈ పుస్తకం తెరవటానికి ముందు తిక్కనగారి ఉద్యోగపర్వం చివరి ఆశ్వాసాన్ని, కర్ణపర్వాన్ని ఒకసారి పైకి వినబడేలా చదవండి. ఇంట్లో ఆ సంపుటాలు లేకుంటే గ్రంథాలయానికి వెళ్లైనా చదవండి. ఆపైన ఈమె రచనను చేత పట్టండి. ఈమె ప్రతిపాదించిన ప్రతి నిర్ణయాన్ని మూలంతో సరిచూసుకుని, అంగీకారమైనా, అనంగీకారమైనా ఆమెకు రాసి పంపండి.